వెయ్యి గోల్స్ సన్మానం

ఆ రోజుల్లో, అంటే ఎక్కడికి వెళ్లాలన్నా దారి ప్రింట్ తీసుకుని కారెక్కే రోజుల్లో, మా కాపెల్ ఊరి తెలుగువాళ్లకి రెండు పిచ్చిలుండేవి. ఒకటి గ్రీన్‌కార్డు, రెండోది సన్మానం. మొదటిది మా చేతుల్లో లేదు కాబట్టి ఆ కసంతా రెండోదాని మీద తీర్చుకునేవాళ్లం. ఊళ్లోకి ఎవరొచ్చినా శాలువా కప్పాల్సిందే. (ఒకసారి ఫ్లైట్ తప్పిపోయి ఆగిన పెద్దమనిషికి కూడా కప్పాం. పాపం, చలేస్తుందని కప్పామనుకున్నాడాయన.) మా సంఘం ప్రెసిడెంటు గారే నేను పనిచేసే కన్సల్టెన్సీకి ఓనరు. నా వీసా పొడిగింపు కాగితాలు ఆయన సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. అందువల్ల ఆయన జోకు పూర్తి కాకముందే నవ్వడం నాకు అలవాటైంది.

ఆ ఉగాదికి దొరికినవాడు కోచ్. రుమేనియాలో పదిహేనేళ్లు ప్రొఫెషనల్‌గా ఫుట్‌బాల్ ఆడి, మోకాలు మొరాయించాక కూతురి దగ్గరికొచ్చి స్థిరపడి, పార్కులో మనవాళ్ల పిల్లలకి ఆట నేర్పేవాడు. ఆయన గురించి పరిచయం రాసే బాధ్యత నా మీద పడింది. వెళ్లి అడిగితే, తన వచ్చీరాని ఇంగ్లీషులో ఎంతో ఇష్టంగా చెప్పాడు. ఎడమవైపు డిఫెండరట. వానలో, మంచులో, మోకాలిలోతు బురదలో ఎదుటివాళ్లని ఆపడమే పని. ఒక పేరుమోసిన స్ట్రైకర్ని ఆటంతా కదలనివ్వకపోతే, అతను చివర్లో చెయ్యి కలిపి, “నువ్వు మా పక్కింట్లో కూడా ఉండకూడదయ్యా” అన్నాడట. తనకి దక్కిన పెద్ద బిరుదు అదేనని కోచ్ మురిసిపోయాడు. మరి గోల్స్ ఎన్నని అడిగాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, అందులోంచి నా వైపు చూసి నవ్వాడు. “నా పార్కు పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు. ఉన్నదే చెప్పు. అలా అయితేనే వస్తా” అన్నాడు. నేను మాటిచ్చాను.

ప్రెసిడెంటు గారు నేను రాసింది చదివి కళ్లజోడు తీశారు. “ఏమయ్యా, సున్నా గోల్స్ వాడికి శాలువా ఎందుకు కప్పారని అడిగితే జనానికి ఏం చెప్పను? నువ్వు తప్పుకో, నేను మాట్లాడతా. నువ్వు ఆయన పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్తూ ఉండు చాలు.”

“కానీ సార్, ఆయనకి మాటిచ్చాను...”

“సన్మానమంటే అంతేనయ్యా. పోయినేడు నన్ను దానకర్ణుడన్నారు, నేనేమన్నా లేచి కాదన్నానా?”

స్కూలు హాల్లో పులిహోర వాసన మధ్య సభ మొదలైంది. కోచ్‌కి శాలువా కప్పి, గులాబీ దండ వేశాం. పట్టుపంచెలో ఉన్న ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, “వెయ్యి గోల్స్ కొట్టిన వీరుడు” అనేశారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. కోచ్ నా వైపు వంగి, “ఏమంటున్నాడు?” అన్నాడు. ఒకవైపు నా వీసా, ఇంకోవైపు ఆ మనిషి కళ్లు. ఉన్నదున్నట్టు చెప్పాను. (అది ధైర్యమేమీ కాదు, కంగారులో వేరే మాట తోచలేదు.)

కోచ్ లేచి మర్యాదగా మైకు అందుకున్నాడు. “గోల్స్ సున్నా,” అని వేళ్లతో చుట్టి చూపించాడు. “ఇతరుల గోల్స్ ఆపాను. చాలా ఆపాను. నాకు సిగ్గు లేదు.” ముందు వరసలో పిల్లలు తప్ప ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రెసిడెంటు గారి మొహం కందగడ్డలా అయింది. నా చెవి దగ్గరికొచ్చి, “నీ సంగతి సోమవారం ఆఫీసులో చూస్తా” అని, మళ్లీ మైకు లాక్కున్నారు. సభని చేజారనివ్వడం ఆయన వంశంలో లేదు. “అయితే ఆ మొదటి గోల్ మన సంఘం తరఫున ఇవాళే కొడతారు. పదండి బయటికి. కీపర్ని నేనే.”

హాలు వెనక గడ్డిలో రెండు కుర్చీలు వేశాం. పంచె ఎగ్గట్టి ప్రెసిడెంటు గారు మధ్యలో నిలబడ్డారు. కోచ్ మోకాలు ఒకసారి తడుముకుని, దండతోనే పరిగెత్తి తన్నాడు. బంతి తిన్నగా వెళ్లి ప్రెసిడెంటు గారి బొజ్జకి తగిలింది. బంతిని కావలించుకున్న ఆయన, అలాగే వెనక్కి నడిచి, కుర్చీలు దాటి, గడ్డిలో కూలబడ్డారు. గోల్. కోచ్ శాలువా ఎగరేసుకుంటూ పార్కింగ్ లాట్ చుట్టూ పరిగెత్తాడు, వెనకాల పిల్లలందరూ. పదిహేనేళ్లు దాచుకున్న సంబరమంతా ఆ ఒక్క చుట్టులో తీర్చుకున్నాడు. నేను మాత్రం మా ఊరి విమానం కళ్లముందు కనిపిస్తుండగా ప్రెసిడెంటు గారిని లేపడానికి చెయ్యిచ్చాను. ఆయన కింద కూర్చునే పడీపడీ నవ్వుతున్నారు. “వెయ్యి అన్నానుగా. మొదటిది నా పొట్ట మీదే పడింది. మిగతావాటికి నువ్వు నిలబడు.” సోమవారం నా కాగితాల మీద సంతకం పెట్టి, పొట్ట నిమురుకుంటూ ఇచ్చారు.

ఏళ్లు గడిచాయి. పోయిన ఉగాదికి సంఘం నాకే శాలువా కప్పింది. నేను ముట్టుకోని ప్రాజెక్టులన్నీ నేనే చేశానని కుర్రాడెవరో గుక్కతిప్పుకోకుండా చదువుతున్నాడు. లేచి మైకు అడగాలనే అనుకున్నాను. కానీ శాలువా వెచ్చగా ఉంది, చప్పట్లు బాగున్నాయి, ఊరుకున్నాను. కింద మొదటి వరసలో, జుట్టంతా నెరిసిన కోచ్ మా ఆవిడ వైపు వంగి, “ఏమంటున్నాడు?” అని అడగడం కనిపించింది. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పినట్టుంది. కోచ్ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, అందులోంచి నా వైపు చూసి నవ్వాడు.