తడిగుడ్డకు దిగని రంగు

రంగుల పిట్టలు రెండింటిని డజను గాజులకు ఇచ్చేసిన ఘనత అరసవల్లిలో నాదొక్కదానిదే.

నిన్న పిట్టల కొట్లో గౌల్డియన్ ఫించ్‌లను చూడగానే అరవై ఎనిమిదో సంవత్సరం గుర్తొచ్చింది. అప్పట్లో మామయ్య కలకత్తా నుంచి తెచ్చిన ఈ జాతి ఎర్రతలల జంటకు బూడిదరంగు పిల్లలు రెండు పుట్టాయి. రంగు పట్టని సరుకనుకుని స్నేహితురాలు సూరమ్మకు అంటగట్టాను.

ఈకలు మారాక ఒకదాని తల ఎర్రబడింది, రెండోదానిది నల్లబడింది.

“కుంకం, కాటుక పూసినావు కదే!” అంటూ వీధిలో అందరి ముందూ పిట్టల తలల్ని తడిగుడ్డతో రుద్దాను. రంగు దిగలేదు.

“నానేటీ పుయ్యనేదే. మేతేసి ఊరుకున్నాను,” అంది సూరమ్మ కళ్లనీళ్లతో.

ఎర్రతలల జంటకు నల్లతల పిల్ల పుట్టడం మామూలేనని నిన్న కొట్టువాడు చెప్పాడు.

ఇంటికొచ్చి లెక్క తేల్చాను. గాజులు వారంలో పగిలాయి. సూరమ్మ మళ్లీ మా ఇంటి అరుగెక్కలేదు. బేరంలో పోయింది పిట్టలే. సూరమ్మను పోగొట్టింది తడిగుడ్డ.