ఆ ఆలుగడ్డలు వేయించింది మా అవ్వ

నిన్న మనవరాలు ఫోన్ చూసి లావుపాటి ఆలుగడ్డ ముక్కలు, ఉల్లిగడ్డ చక్రాలు వేయించింది. "ముక్కలు నానబెట్టి, ఆరబెట్టి, రెండుసార్లు వేయించాలె అమ్మమ్మా. ఫోన్ల ఎవరో సార్ కనిపెట్టిండు" అంది. నా ఒళ్లు మండిపోయింది.

అరవై ఏళ్ల కిందటే పెద్దపల్లిలో మా అవ్వ, అంటే మా అమ్మ, అచ్చం అట్లాగే చేసేది. బాపు మగ్గం నేసేవాడు, అవ్వ దొర ఇంట్లో వంట చేసేది. మన ఈడు వాళ్లకు ఆ పల్లినూనె కమ్మదనం గుర్తుందా? అవ్వ ముక్కల్ని కుండనీళ్లలో నానబెట్టి, బాపు నేసిన తువ్వాల మీద ఆరబెట్టి, రెండుసార్లు వేయించేది. ఉల్లిగడ్డ చక్రాల పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపేది. నమిలితే పక్కింటికి వినిపించేది!

ఒకరోజు హైదరాబాదు నుంచి దొర చుట్టాలు వచ్చారు. అవ్వ వేయించినవి తిని, "గివి ఎవరు చేసిన్రు?" అని అడిగారు.

"నేనే" అంది దొరసాని.

నూనె చిట్లి బొబ్బలెక్కిన చేతులతో అవ్వ తలుపు పక్కనే నిలబడి ఉంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. "అబద్ధం! మా అవ్వ చేసింది" అన్నాను. దొరసాని నా చెంప చెళ్లుమనిపించింది.

అవ్వ జల్లిగరిటె కింద పెట్టేసింది. "బిడ్డ నిజమే చెప్పింది దొరసానీ. రేపటిసంది మీరే చేసుకోండ్రి" అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

దారిలో తిడుతుందని భయపడ్డాను. అవ్వ నా చెంప నిమిరి, "ఇంక జర గట్టిగ అనేదుండె బిడ్డా, అందరు విందురు" అంది.

మళ్లీ ఆ గడప తొక్కలేదు. బాపు పక్కన మగ్గానికి నూలు కండెలు చుడుతూ బతికింది. ఆమె పేరు ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నాను. రాజవ్వ.