రెండు గీతలు, నాలుగు గీతలు

మా కంప్యూటర్ మేడం పోయారు. సిర్గాపూర్ నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "మేడం లేదే ఇగ. గుండెపోటంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంది. ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

నారాయణఖేడ్‌లో మేం ఇంటర్ చదివిన ప్రైవేటు కాలేజీలో ఆమె ప్రోగ్రామింగ్ నేర్పారు. బోర్డు మీద ఒక సమాన గుర్తు గీసి, పక్కనే జంట సమాన గుర్తు గీసేవారు. "రెండు గీతలుంటే పెట్టుడు. నాలుగు గీతలుంటే అడుగుడు" అనేవారు. మొదటిది కంప్యూటర్‌లో విలువ దాచే డబ్బాలో ఏమున్నా తీసేసి మనం చెప్పింది పెట్టేస్తుంది. రెండోది దేన్నీ ముట్టుకోదు, లోపల ఉన్నది ఇదేనా అని అడుగుతుంది, అంతే.

మార్కులు వంద అయితే 'శభాష్' అని చూపించే ప్రోగ్రాం రాయమన్నారొకసారి. 'అయితే' అన్న మాటలోనే 'అవడం' ఉంది కదా, క్లాసు క్లాసంతా రెండు గీతలే పెట్టేశాం. ఇంకేముంది, తప్పినవాడికీ వందే, వాడికీ శభాషే! మేడం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"అడగమంటే పెట్టిండ్రు గదనే! గిట్లయితే ఊరంత ఫస్టే."

నవ్వే మనిషే గానీ కోపమొస్తే ఎంతటివాళ్లనూ లెక్కచేసేవారు కాదు. ఓ రోజు యాజమాన్యం పెద్దాయన ల్యాబులోకి వచ్చి, "పట్నం కూలికి పోయేటోళ్లకు గీ కంప్యూటర్లెందుకు?" అన్నాడు, మా ముందే. నేను కంగ్టి నుంచి వచ్చేదాన్ని, మా ఇంట్లో అందరూ ఆ కూలికి పోయినవాళ్లే. తల దించుకున్నాను. మేడం దించుకోలేదు. "వాళ్లను అడిగినవా, నువ్వే పెట్టినవా?" అన్నారు. ఈరోజు నేను ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నానంటే ఆ ఒక్క మాట వల్లే.

పోయిన ఎండాకాలం ఆ కోర్సు ఎత్తేశారు. ల్యాబుకు తాళం వేసి, ఆమెను ఇక రావద్దన్నారు. ఆమెనూ అడగలేదు, పిల్లలనూ అడగలేదు.

కాలేజీలో పెట్టిన సంతాప సభలో అదే పెద్దాయన మైకు పట్టుకుని, ల్యాబుకు మేడం పేరు పెడతామన్నాడు. చప్పట్లు! నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"పేరు తర్వాత పెడుదురు సార్. ముందుగాల తాళం తియ్యుండ్రి."

"కూసో అమ్మా. పిల్లలకే ఇష్టం లేకుండె."

నేను పిల్లల వైపు తిరిగాను. "మిమ్మల్ని ఎవరన్న అడిగిండ్రా?"

"లేదక్కా" అంది వెనక వరుసలోంచి ఒక అమ్మాయి. పెద్దాయన మైకు కట్టేయించి వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి నా వెంట ల్యాబు దాకా వచ్చింది. తాళం అట్లాగే ఉంది. చున్నీతో కిటికీ అద్దం తుడిచి లోపలికి చూసింది. యూనిఫాం బట్టల మూటల వెనక బోర్డు, దాని మీద చెరగని సుద్దగీతలు.

"అక్కా, ఆ నాలుగు గీతలేంది?" అని అడిగింది.