ఇన్నెస్ నలభై గజాల దెబ్బ

మా ఇన్నెస్ గిల్‌క్రైస్ట్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, చర్చిలో కునికిపాట్లు కూడా లేవు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. గోల్ఫు మైదానంలో పదహారో గుంట దగ్గర, నలభై గజాల నుంచి కొట్టే వెడ్జ్ దెబ్బని బాగుచేసుకోవడం. పదకొండేళ్ళు బాగుచేశాడు. ఏడాదికేడాది అది ఇంకా అధ్వానమైంది.

వెడ్జ్ అంటే మొహం వెనక్కి వాలి ఉండే పొట్టి కర్ర. బంతిని పైకి లేపి మెత్తగా గుంట పక్కన దించాలి, అంతే దాని ఉద్యోగం. మా ఇన్వర్‌కెల్లీలో పిల్లలు నడక వచ్చీ రాకముందే దాన్ని పట్టుకుంటారు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఇసుక దిబ్బలు, మధ్యలో గోల్ఫు. ఇంకేం చేస్తారు పాపం! నా పేరు వాటీ, మాంసం కొట్టు నడిపాను. ఇన్నెస్ గడియారాలు బాగుచేసేవాడు. ఆవగింజంత మరని పట్టకారుతో ఎత్తి, నాతో కబుర్లు చెబుతూనే చోట్లో కూర్చోబెట్టేవాడు. అలాంటి చెయ్యి మిగతా గుంటల దగ్గర ఏదో గట్టెక్కేది. పదహారో గుంట దగ్గర మాత్రం బంతిని గోడ అవతలికి పంపేది.

గోడ అవతల గ్రిజెల్ టీచరుగారి పెరడు. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన మనిషి. మా ఇద్దరి చెవులూ మెలేసిన వేళ్ళు ఆవిడవే. తొంభై దగ్గర పడుతున్నా గొంతు మాత్రం పిసరంత తగ్గలేదు.

"ఒరేయ్ ఇన్నెస్! అవి కళ్ళా, చొక్కా గుండీలా?"

రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ కేక వినబడేది. ఇన్నెస్ అప్పుడే అక్కడ సాధన చేసేవాడు. టోపీ తీసి, చుట్టూ తిరిగి గేటులోంచి తలొంచుకుని వెళ్ళి, పావుగంట తిట్లు తిని, బంతి పట్టుకుని వచ్చేవాడు. తిట్టడానికైనా ఆవిడ తలుపు తీసేది వాడికొక్కడికే. చెల్లెలు పోయి ఒంటరిదయ్యాక ఎవరు పలకరించబోయినా మొహం మీదే తలుపేసేది. పర్వ్స్ పాస్టరుగారు కేకు పట్టుకెళితే కిటికీలోంచే చెప్పిందట: "నేనింకా పోలేదు నాయనా. పోయాక కబురంపుతాను, అప్పుడు రండి."

ఇక ఇన్నెస్ సాధన సంగతి. ప్రతి సోమవారం పొద్దున్నే మా తలుపు దబదబా బాదేవాడు.

"దొరికిందిరా వాటీ! కిటుకు దొరికింది!"

ఒక సోమవారం బరువంతా ఎడంకాలి మీద వేయాలనేవాడు. మరో సోమవారం కాళ్ళ మాటే తలుచుకోకూడదనేవాడు. ఒక శీతాకాలమంతా చంకలో కోడిగుడ్డు పెట్టుకుని కొట్టాడు. గుడ్డు పగిలితే చెయ్యి బిగిసినట్టట. వాళ్ళావిడ ఎఫీ నెలరోజులు చొక్కాలు ఉతికి, చివరికి గుడ్డు ఉడకబెట్టి ఇచ్చింది. "ఇదైతే పగలదు, నీ దెబ్బా మారదు, నాకు చాకిరీ తప్పుతుంది" అంది.

ఊరు ఊరంతా సలహాలిచ్చేది. మా ఊళ్ళో రొట్టె అప్పు అడిగితే ఆలోచిస్తారు గానీ, గోల్ఫు సలహాకి అడగక్కర్లేదు. పాస్టరుగారు ఇసుక గుంటలో నడుం దాకా దిగబడి, తన బంతి కనబడక వెతుక్కుంటూనే కేకేసేవారు: "ఇన్నెస్, తల పైకెత్తకు నాయనా!" క్లబ్బు కార్యదర్శి మేజర్ ట్వీడీ అయితే ఏకంగా ఉపసంఘం వేశాడు. ఆ ఏడుగురూ మూడుసార్లు కూర్చుని, మూడుసార్లూ సూపు తాగి, ఇన్నెస్ బంతి గోడ దాటుతోందని తేల్చారు.

నవ్వేవాళ్ళు నవ్వారు. ఏడ్చింది నేను. ఎందుకంటే వాడి జంట నేనే. మా ఊళ్ళో ఏటా ఆకురాలే కాలంలో జంటల పోటీ జరుగుతుంది. ఇద్దరికీ బంతి ఒకటే, ఒకడి తర్వాత ఒకడు కొట్టాలి. ఒకసారి జంటగా పేర్లు రాయించుకుంటే ఇక చావే విడదీయాలి. పెళ్ళిళ్ళకి కూడా మా దగ్గర అంత కట్టుబాటు లేదు. గెలిచిన జంట పేర్లు క్లబ్బు గోడమీద బోర్డుకి బంగారు అక్షరాలతో ఎక్కుతాయి. మా నాన్న పేరు ఉంది. మా తాత పేరు ఉంది. చివరికి మా బావమరిది పేరు కూడా ఉంది, వాడికి బంతికీ ఉల్లిగడ్డకీ తేడా తెలియదు. నా పేరే లేదు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, మోకాలికి ఆపరేషనన్నారు. ఆ ఏడాది తప్పితే ఇక లేదు.

మరి మేం ఆ ఏడాది ఫైనలుకి వచ్చాం! పాస్టరుగారూ మేజరూ మా మీద. పదిహేను గుంటలయ్యేసరికి మేమే ఒక గుంట ముందున్నాం. పదహారోది వచ్చింది. నా దెబ్బ అద్భుతంగా పడింది. సరిగ్గా నలభై గజాలు మిగిలింది. కొట్టాల్సింది ఇన్నెస్.

"ఒరేయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్కసారికి ఏ కిటుకూ వద్దు. ఊరికే కొట్టు" అన్నాను.

వాడు నా మాట వినలేదు. బంతి వంక కూడా చూడలేదు. గోడ అవతల టీచరుగారి పొగగొట్టం వంక చూస్తున్నాడు. మూడు దాటి ఇరవై నిమిషాలైంది. చలి కొరికేస్తోంది. గొట్టంలోంచి పొగ లేదు.

మొహం పాలిపోయింది వాడికి. కర్ర ఎత్తి ఒక్కటి కొట్టాడు. బంతి హాయిగా లేచి, గోడ దాటి, అవతల రాతి మీద టక్కుమంది.

"అయిపోయింది! నా కొంప ముంచావు గదరా!" అని నెత్తి కొట్టుకున్నాను.

అందరం అలవాటుగా తిట్టు కోసం చూశాం. రాలేదు. ఇన్నెస్ కర్ర విసిరేసి పరిగెత్తాడు. గేటు దాకా వెళ్ళలేదు, గోడే ఎక్కేశాడు, ఆ వయసులో! ప్యాంటు చిరిగిన చప్పుడు మాకు వినబడింది.

"ఆట మధ్యలో మైదానం వదిలిన జంట ఓడినట్టే" అంటూ మేజరు జేబులోంచి నిబంధనల పుస్తకం తీశాడు.

అంతలో గోడ అవతలి నుంచి ఇన్నెస్ అరిచాడు. "వాటీ! డాక్టరు! పరిగెత్తు!"

పాస్టరుగారు అంగీ పైకి దోపుకుని డాక్టరింటికి పరిగెత్తారు. పాపం ఏనాడూ బంతి వెనక కూడా అంత వేగంగా వెళ్ళలేదు. నేను మోకాలు ఈడ్చుకుంటూ చుట్టూ తిరిగి గేటులోంచి వంటింట్లోకి వెళ్ళాను. టీచరుగారు రాతినేల మీద పడి ఉంది. పొద్దున కాలు జారిందట. తుంటి విరిగింది. ఇన్నెస్ తన కోటు కప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా గడియారం వైపు చూపించి అంది:

"ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం, ఇన్నెస్. మూడింటికి బంతి పడుతుందని పొద్దుట్నుంచి చూస్తున్నాను."

"ఫైనలు టీచరుగారూ, తప్పలేదు" అన్నాడు వాడు, బళ్ళో నిలబడ్డట్టు.

గడియారం వంకా వాడి వంకా చూశాను. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఆవిడ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇల్లు తాళం వేసి ఉంది. ఒకరోజు వాణ్ణి పదహారో గుంట దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. "కొట్టు" అన్నాను. కొట్టాడు. బంతి గుంటకి జానెడు దూరంలో ఆగింది. ఇంకోటి, దాని పక్కన. మూడోది గుంటలోకే.

"ఓరి దొంగా! ఎన్నాళ్ళ నుంచి?"

"దెబ్బ ఎప్పుడూ బానే ఉందిరా" అన్నాడు, బూటుతో గడ్డి గీరుతూ. "చెల్లెలు పోయాక సూపు పట్టుకెళ్ళాను. నేనేమన్నా ముష్టిదాన్నా అని గిన్నెతో సహా వీధిలోకి విసిరింది. మర్నాడు నిజంగానే చెయ్యి తప్పి బంతి పెరట్లో పడింది. తలుపు తీసి అరగంట తిట్టింది. ఎంత హుషారుగా తిట్టిందనుకున్నావ్! బుగ్గలకి రంగొచ్చింది. తిట్టడానికైతే తలుపు తీస్తుందని అప్పుడు తెలిసింది."

"మరి ఆ గుడ్లూ, కిటుకులూ?"

"చేతకాదని ఊరంతా నమ్మాలి కదా. జాలిపడి వస్తున్నానని తెలిస్తే ఆవిడ నన్నూ విసిరేస్తుంది."

"పదకొండేళ్ళు! నా పేరు బోర్డెక్కకుండా చేశావు గదరా!"

"నీ పేరు పొడుగు, వాటీ. ఎలాగూ పట్టదు."

కొట్టబోయాను. చెయ్యి లేచింది గానీ, వెళ్ళి వాడి మెడ చుట్టూ పడింది. ఏం చెయ్యను, వాడంటే నాకంత ఇష్టం.

వసంతానికి టీచరుగారు చేతికర్రతో తిరిగొచ్చింది. నా మోకాలూ బాగుపడింది. మళ్ళీ ఆకురాలే కాలం, మళ్ళీ ఫైనలు, మళ్ళీ ఆ మేజరే, ఆ పాస్టరే. పదహారో గుంట దగ్గర సరిసమానంగా ఉన్నాం. ఈసారి నలభై గజాల దెబ్బ నాది. పొగగొట్టంలోంచి పొగ చక్కగా లేస్తోంది. అయితేనేం, మూడైంది. అవతల ఒక మనిషి ఎదురుచూస్తోంది. బోర్డుని తలుచుకున్నాను, మా బావమరిదిని తలుచుకున్నాను, బంతిని గోడ అవతలికి కొట్టాను. కావాలనే కొట్టాను. నమ్మితే నమ్మండి.

కిటికీ ధడాలున తెరుచుకుంది.

"ఎవడ్రా నా క్యాబేజీ పగలగొట్టింది? ఇన్నెస్ కాదు! వాడి బంతి ఇన్నేళ్ళలో నా గడప ముందు రాయి తప్ప ఇంకెక్కడా పడలేదు. వాటీయేనా? టోపీ తీసి లోపలికి రా!"

టోపీ తీశాను. నేను గేటువైపు నడుస్తుంటే వెనక నుంచి ఇన్నెస్ కేకేశాడు:

"దొరికిందిరా వాటీ! నువ్వు తల పైకెత్తుతున్నావు!"