అన్న పాసయ్యేదాకా ఆగాల్సిన పరీక్ష

ఇది రాస్తున్నా నాకింకా కోపం తగ్గలేదు. అన్నా నేనూ కరీంనగర్‌లో ఒకే బ్యాంకులో గుమాస్తాలం. బ్యాంకు పరీక్ష మొదటి భాగం నేను మొదటిసారే పాసయ్యాను. అన్న మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాడు. రెండో భాగానికి ఫీజు కట్టడానికి రేపే ఆఖరు రోజు. సాయంత్రం ఆ మాట చెప్పగానే బాపు నేస్తున్న మగ్గం ఆపాడు.

"పెద్దోడు పాస్ గాకుండ నువ్వెట్ల రాస్తవ్‌రా? పెండ్లికి వరుస ఉంటది, పరీక్షకు ఉండదా? జర ఆగు."

నిరుడు కూడా ఇదే మాట చెప్పి ఆపాడు. నా వెనక చేరినవాళ్లు రెండో భాగం ముగించి ప్రమోషన్లు తీసుకుంటున్నారు. నేను మాత్రం చదివిందంతా మరిచిపోతూ కూర్చున్నాను. ఒళ్లు మండి, "అన్నా, నువ్వన్న చెప్పు!" అని అరిచాను.

రొట్టె తింటున్న అన్న తలెత్తకుండానే అన్నాడు: "రాయి తమ్మీ. నువ్వు ఆఫీసరయితెనన్న నన్ను రాయమనుడు బంద్ జేస్తరు. నాకు గా పరీక్షే వద్దు. నువ్వెప్పుడు ముందుకు పోతవా అని సూస్తున్న."

ఈ ముక్క నిరుడే చెప్తే నోటి ముత్యాలు రాలిపోయేవా? నేను అడిగేలోపే బాపు తీర్పు చెప్పాడు.

"గట్లయితే రేపు ఇద్దరు ఫీజు కట్టుండ్రి. పెద్దోడు మొదటిది, చిన్నోడు రెండోది. వరుస తప్పదు."

అన్న చేతిలో రొట్టె ఆగిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరికి కోపం. న్యాయం ఎవరివైపు ఉందో మీరే చెప్పండి, బాపు వైపని మాత్రం అనకండి.