కిరీటం యాడ ఉండాది?

నా చిన్నప్పుడు డోన్‌లో మా వీధి చివరి లైబ్రరీకి నెలకొకసారి పిల్లల పత్రిక వచ్చేది. ఒకటే ప్రతి. నేను బడి నుంచి పరుగున చేరేసరికి అది ఎప్పుడూ లైబ్రరీ పక్కింటి పిల్ల ఒళ్లో ఉండేది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చీకటి పడేదాకా వదిలేది కాదు. తరగతిలో గడగడా చదివేదాన్ని నేను. దాని చేతిలో ఆ పత్రిక చూస్తే నాకు కడుపు మండిపోయేది.

ఒక నెల సీరియల్ చివరి భాగం వచ్చింది. రాజుగారి కిరీటం ఎత్తుకెళ్లిన దొంగ ఎవరో తేలాలి. ఆ రోజూ ఆ పిల్లే ముందు. లైబ్రరీ చూసుకునే పెద్దాయన దగ్గరికి ఏడుపు మొహంతో వెళ్లాను.

"ఎప్పుడూ దానికేనా తాతా ఇస్తావు?"

ఆయన లేచి, గోడకున్న ‘నిశ్శబ్దం’ బోర్డును వెనక్కి తిప్పాడు. మా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి చెరో పేజీ గట్టిగా చదవమన్నాడు.

నా పేజీ నేను ఒక్క తప్పు లేకుండా చదివాను. పేపర్లు చదువుకుంటున్న ముసలివాళ్లు తలైనా ఎత్తలేదు. తర్వాత దాని వంతు. ‘నా కిరీటం ఎక్కడ ఉంది?’ అని అచ్చులో ఉంటే, దాని నోట్లో అది ‘నా కిరీటం యాడ ఉండాది?’ అయింది. పేపర్లన్నీ కిందికి దిగాయి.

"ఏమప్పా, ఈ రాజు మన డోన్ స్టేషన్లో దిగినట్టుండాడే!" అని ఒకాయన నవ్వాడు. "అట్లే సదువు పాపా" అంటూ ఇంకొకాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

నాకు ఇంకా మండింది. "తాతా, అది తప్పు సదువుతాండాది. పుస్తకంలో అట్ల లేదు."

"లేదులేమ్మే. నువ్వు ఉండేది ఉన్నట్టు సదువు. ఆ పాప దాని నోటికొచ్చినట్టు సదువుతాది. నాకు ఇద్దరూ కావల్ల."

దొంగ దొరికే పేజీ కూడా దాని వంతుకే వచ్చింది. పక్క నుంచి కళ్లతో ముందే చదివేసుకోవచ్చు. కానీ అది ఎట్లా చెబుతుందో వినాలని నేనే చూపు తిప్పుకున్నాను.

ఇప్పుడు కర్నూలులో మా అమ్మాయిని తీసుకెళ్లే లైబ్రరీ గురించి ఊళ్లో వాదన నడుస్తోంది. పిల్లల గది తీసేసి, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు అద్దాల క్యాబిన్లు కట్టాలట. పిల్లల కథలు ఫోన్లో ఉన్నాయి కదా అంటున్నారు. ఉద్యోగం కోసం చదివేవాళ్లకు చోటు వద్దని నేనెలా అనగలను? మా తమ్ముడూ అలా చదివినవాడే. కానీ మా అమ్మాయి ఇంకా తడబడుతూ చదువుతుంది. దాని తోటిపిల్ల గడగడా చదువుతుంటే నాకు లోపల కలుక్కుమంటుంది. ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని గట్టిగా చదువుకునే చోటు ఇంకెక్కడుంది? ఆ గది ఉండాలని, దీని గురించి లైబ్రరీలో పెడుతున్న మీటింగులో చెప్పబోతున్నాను.

నా కుళ్లు పోలేదు. ఈ వయసులోనూ ఎవరి చేతిలోనైనా మంచి పుస్తకం కనిపిస్తే మనసు ఊరుకోదు. లాక్కోవాలని మాత్రం అనిపించదు. కొంచెం జరగమని, నాకూ వినిపించమని అడుగుతాను.