ఎదురుగా నిలబడే మనిషి

ఆళ్లగడ్డలో మేం చెక్కే విగ్రహాలకు నునుపు పట్టించేది శాంతయ్యే. మీసం మొలవకముందు నుంచి అదే పని. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. అన్నం కూడా రాళ్ల మధ్యే తింటాడు.

కళ్లు తెరిచే పని మాత్రం ఎప్పుడూ అతని చేతికి రాలేదు. కంటిపాప గీయడం అన్నిటికన్నా చివరి పని. అది మా మేస్త్రీ చెన్నకేశవులుదే. గీసేవాడు పక్కకు ఒదిగి గీయాలి. కళ్లు తెరవగానే ఎదురుగా ఆ దేవుడి ఊరివాళ్లు కనపడాలి. మా ఆనవాయితీ అది.

ఈ ఆగస్టులో నంద్యాల బడి ఒకటి భారతమాత విగ్రహం చేయించుకుంది. లారీ ఎక్కించే రోజు పొద్దున మేస్త్రీ తన ఉలిని శాంతయ్యకిచ్చాడు.

"ఇది గుడికి పోయేది కాదులేప్పా. నువ్వే తెరువు."

శాంతయ్య ఉలిని లుంగీకి తుడిచాడు. విగ్రహం దాకా పోయి ఆగాడు.

"ఎదురుగా ఎవురు నిలబడతారన్నా?"

"దేశానికి ఎవురు నిలబడేదేందిప్పా!"

"దేవునికైతే ఊరుంటాది. ఈయమ్మకు ఎవురుండారు?"

"నూట నలభై కోట్ల మందుండారు. పో, పిల్చుకొని రా" అని మేస్త్రీ నవ్వాడు.

శాంతయ్య నిజంగానే పోయాడు. బడివాళ్లకు ఫోన్ చేయించాడు. స్టేజీ కట్టిస్తున్నాం, తీరిక లేదు, ముందు లారీ పంపండన్నారు. రోడ్డు మీద టీ అమ్మే ప్రమీలమ్మను పిలిచాడు.

"నన్ను చూస్తే ఆయమ్మ మళ్లా కండ్లు మూసుకుంటాది పోప్పా. పొయ్యి మీద పాలుండాయి."

లారీ డ్రైవర్ పవన్ హారన్ కొట్టాడు. "పెద్దాయనా, తెరుస్తాండావా, అట్లే ఎత్తుకపోవాల్నా?"

ఒంటరిగా తిరిగొచ్చిన శాంతయ్యను చూడలేక, నేను నిలబడతానన్నాను. అతను నన్ను విగ్రహం ఎదుట నుంచి పక్కకు జరిపాడు. తర్వాత ఉలిని నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తెరువు. నేను నిలబడతా."

"ఇన్నేండ్లకు నీకొచ్చిన పని కదన్నా!"

"తెరిసేటోడు పక్కకు ఒదగాల, ఆయమ్మకు కనపడడు. ఇంతమంది దేవుళ్లను రుద్దినా, యా దేవుడూ కండ్లు తెరిసి నన్ను చూడలే. వాళ్లకు వాళ్ల ఊరోళ్లుండిరి. ఈయమ్మకు నేనూ లెక్కే కదా."

చొక్కా మీది రాతిదుమ్ము దులుపుకున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. నేను పక్కకు ఒదిగి రెండు కళ్లూ గీశాను. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిందికి వదిలేసి నిలబడ్డాడు.

"ఇంగ చాలా?" అన్నాడు మేస్త్రీ.

"ఉండన్నా."

గొలుసు బిగించి లేపితే విగ్రహం గాలిలో మెల్లగా తిరిగింది. అది తిరిగిన పక్కకల్లా శాంతయ్య కూడా నడిచాడు.